పాట పెట్టే మనిషి, పేరు మోసే యంత్రం: తెలుగులో రికార్డు నుంచి డీజే దాకా (సికింద్రాబాద్ నేపథ్యం)

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో ‘డీజే’ అంటే మనిషి. ఇష్టమైన పాటలను ఎంచి, ఒకదాని వెనుక ఒకటి కూర్చి వినిపించే వ్యక్తికి అది పేరు. తెలుగు వాడుకలో, అందులోనూ తెలంగాణ పట్టణ వ్యవహారంలో, అదే మాట పెట్టెలకూ, వాటిని మోసే బండికీ, దాని మోతకూ పేరైంది. ఈ మార్పు ఒక్క మాటకు పరిమితమైనది కాదు. ‘రికార్డు’, ‘మైకుసెట్టు’, ‘డీజే’ అనే మూడు మాటల వెనుక గ్రామఫోను పళ్ళెం నుంచి ల్యాప్‌టాప్ వరకు సాగిన ఒక వృత్తి చరిత్ర ఉంది. ఆ మూడు దశల్లోనూ పాటను ఎంచిన మనిషి పేరు యంత్రం పేరులో కలిసిపోయింది. ఈ అర్థవిపరిణామాన్ని యంత్రాల పనితీరుతోనూ, సికింద్రాబాద్ సామాజిక నేపథ్యంతోనూ కలిపి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రామఫోను, లక్క రికార్డు, వినైల్, మైకుసెట్టు, డీజే, అర్థవిపరిణామం, లక్షణ, సికింద్రాబాద్, బోనాలు.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్రలో తాళపత్రాన్ని రాసిన లేఖకుడికీ, పుస్తకాన్ని అచ్చువేసిన ముద్రాపకుడికీ కొంత చోటు దొరికింది. పద్యాన్నీ పాటనూ లక్షలమంది చెవిన వేసిన మరొక మధ్యవర్తికి అలాంటి చోటు దొరకలేదు. జాతరలో, పెళ్ళి పందిరిలో, సినిమా టెంటు దగ్గర పళ్ళెం మీద ముల్లు దించిన మనిషి అతడు. ఏ వేళకు ఏ పాట తగునో, ఏ పాట తరవాత ఏ పాట రావాలో నిర్ణయించింది అతడే. అతడి గురించి వెతికేవారికి వ్యక్తుల పేర్ల కంటే వస్తువుల పేర్లే ముందుగా ఎదురవుతాయి.

ఈ పరిస్థితికి భాషే మొదటి సాక్ష్యం. అందువల్ల మాటల వాడుకను ఒకవైపు, ఆ మాటలు సూచించే వస్తువుల పనితీరును మరొకవైపు పెట్టి చూడవలసి ఉంది. పరికరాల పట్ల వినైల్ ప్రియులకూ, వృత్తిలో ఉన్న డీజేలకూ ఉండే పట్టింపు బయటివారికి వట్టి వ్యసనంగా కనిపించవచ్చు. ముల్లు మందం, పళ్ళెం వేగం, పెట్టె పరిమాణం వంటివి వినిపించే పాఠాన్నే మారుస్తాయని గ్రహిస్తే ఆ పట్టింపు సాహిత్య పరిశోధకుడికి పరాయిది కాదు.

2. పళ్ళెం, గాడి, ముల్లు: పనితీరు

థామస్ ఎడిసన్ 1877లో రూపొందించిన ఫోనోగ్రాఫు ధ్వనిని స్తూపం మీద నమోదు చేసింది. ఎమిల్ బెర్లినర్ 1887లో హక్కులు పొందిన గ్రామఫోను స్తూపానికి బదులు బల్లపరుపు పళ్ళేన్ని తెచ్చింది. స్తూపం కంటే పళ్ళేన్ని అచ్చుపోయడం తేలిక. ఒక మూసనుంచి వేల ప్రతులు తీయవచ్చు. తాళపత్రానికీ అచ్చుపుస్తకానికీ ఉన్న తేడా వంటిదే ఇది.

తొలి రికార్డులకు బంధకంగా వాడిన పదార్థం లక్క. హైదరాబాద్ లాడ్‌బజారులో గాజులు చేసే లక్క జాతిదే అది. అందులో రాతిపొడి, మసి కలిపి వేడిమీద అచ్చు వేసేవారు. ఆ రాతిపొడి వల్ల పళ్ళెం కొంత గరుకుగా ఉంటుంది. ఉక్కు ముల్లు తిరిగే పళ్ళెం మీద దిగగానే ఆ గరుకుకు అరిగి గాడి ఆకారానికి ఒదిగేది. అందుకే పళ్ళెం ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క కొత్త ముల్లు వాడాలన్న నియమం ఏర్పడింది. నియమం పాటించని ఇంట్లో మొండి ముల్లు గాడిని గీరి పాడుచేసేది. మీటతో తిప్పే గ్రామఫోనులో సౌండ్‌బాక్సు బరువు వంద గ్రాములకు పైగా ముల్లు మీద పడేది. ఇప్పటి ఎల్పీ ప్లేయరులో ఆ భారం సాధారణంగా ఒకటిన్నర నుంచి 3 గ్రాముల లోపు ఉంటుంది.

వేగం మరొక ముఖ్యాంశం. లక్క రికార్డులకు నిమిషానికి 78 చుట్లు ప్రమాణంగా స్థిరపడినప్పటికీ, తొలినాళ్ళ రికార్డులన్నీ సరిగ్గా ఆ వేగంతో నమోదైనవి కావు. 78 చుట్లకు నమోదైన పాటను 82 చుట్లకు తిప్పితే వేగం సుమారు 5 శాతం పెరుగుతుంది. దానితోపాటు శ్రుతి దాదాపు ఒక అరస్వరం పైకి పోతుంది. పాతకాలపు నాటక గాయకుడు ఎంత ఎత్తు శ్రుతిలో పద్యం పాడేవాడన్న చర్చలో ఈ లెక్కను విస్మరిస్తే, పళ్ళెం తిప్పిన తీరును గాయకుడి గొంతుగా పొరబడే ప్రమాదం ఉంది.

1948లో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఎల్పీ 33⅓ చుట్లకు తిరుగుతుంది. మరుసటి ఏడు ఆర్సీఏ విక్టర్ 45 చుట్ల చిన్న రికార్డును తెచ్చింది. లక్క స్థానంలో వినైల్ వచ్చింది. గాడి సన్నబడింది. లక్క రికార్డు ముల్లు కొన మందంలో ఎల్పీ ముల్లు మూడోవంతు మాత్రమే. ఎల్పీ ముల్లుతో 78 రికార్డును మోగిస్తే అది గాడి గోడలను తాకకుండా అడుగున చేరిన దుమ్మును తాకి బుసను పెంచుతుంది. ఒకే పళ్ళెం రెండు ముళ్ళ కింద రెండు పాఠాలుగా వినబడుతుంది. పాఠపరిష్కర్త తాళపత్ర ప్రతులను పోల్చేటప్పుడు చూపే జాగ్రత్త ఇక్కడా అవసరమవుతుంది.

ఈ యంత్రం తెలుగు పలుకుబడిలోకి రెండు జాతీయాలను తెచ్చిందని చెప్పవచ్చు. మొదటిది ‘అరిగిపోయిన రికార్డు’. చెప్పిందే చెప్పేవారిని ఉద్దేశించి ఈ మాట వాడతారు. పరిశీలిస్తే ఇందులో రెండు వేరువేరు లోపాలు కలిసిపోయాయి. రికార్డు అరిగితే వచ్చేది బుస, మసకబారిన గొంతు. ఒకే ముక్క మళ్ళీమళ్ళీ రావడానికి కారణం గాడి గోడ దెబ్బతిని ముల్లు వెనక్కి జారడం. ఎక్కువగా మోగిన రికార్డుకే ఆ దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ కాబట్టి జాతీయం రెండింటినీ ఒకటి చేసింది. రెండోది ‘ప్లేటు ఫిరాయించడం’. రికార్డును ‘ప్లేటు’ అనే వాడుక తెలుగులో ఉన్నందున, ఒకవైపు పాట మాని రెండోవైపు పాట అందుకోవడంగా ఈ జాతీయాన్ని చదవడానికి వీలుంది.

3. తెలుగు పద్యం మూడు నిమిషాలకు ఒదగడం

లండన్ గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలు నమోదు చేశాడు. 1908లో కలకత్తాలో కర్మాగారం మొదలైన తరవాత రికార్డులు దేశంలోనే తయారుకావడం సాధ్యమైంది. తెలుగు రికార్డు వ్యాపారానికి మద్రాసు కేంద్రమైంది.

పది అంగుళాల లక్క రికార్డు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు పాడుతుంది. రంగస్థలం మీద ప్రేక్షకుల కోరికపై మళ్ళీమళ్ళీ సాగే పద్యం, ఎంతసేపైనా నడిచే రాగాలాపన ఈ కొలతకు కుదించుకోవలసి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలు ఈ పరిమితిలోనే పళ్ళేల మీదికి ఎక్కాయి. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ మొదలైన తరవాత సినిమా పాట రికార్డు విపణిని క్రమంగా ఆక్రమించింది. అయినా పద్యానికి ఆదరణ తగ్గలేదు. జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు ‘పుష్పవిలాపం’గా ఘంటసాల గొంతులో రికార్డై, పుస్తకం చదవనివారికీ చేరాయి. 1974లో మరణించడానికి ముందు ఘంటసాల నమోదు చేసిన ‘భగవద్గీత’ ఎల్పీకి తగిన నిడివి గలది. ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా సాగే ఎల్పీ లేకుండా శ్లోకమూ తాత్పర్యమూ వెంటవెంట వచ్చే ఆ కూర్పు అంత సహజంగా కుదిరేది కాదు.

కవి, గాయకుడు, సంగీత దర్శకుడు, కంపెనీ. వీరందరి పేర్లకూ రికార్డు నడుమ ఉండే కాగితపు చీటీ మీద చోటుంది. దాన్ని పదిమందికి వినిపించిన మనిషికి ఆ చీటీ మీద చోటు ఉండే అవకాశం లేదు. అతడి చరిత్ర మైకుసెట్టుతో మొదలవుతుంది.

4. మైకుసెట్టు: పేరులేని వరసకర్త

మైకుసెట్టులో నిజానికి మైకు ఒక భాగం మాత్రమే. రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, బ్యాటరీ, చెట్టుకో స్తంభానికో కట్టే బాకా కలిస్తే మైకుసెట్టు. 1940లో ఢిల్లీలో మొదలైన అహూజా కంపెనీ పేరు ఈ వృత్తిలో వస్తువుకు పర్యాయపదమంతగా వాడుకలో ఉంది. బాకాకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. మనిషి గొంతు పలికే మధ్యస్థాయి ధ్వనులను అది దూరానికి విసురుతుంది. మంద్రస్థాయిని దాదాపు వదిలేస్తుంది. అందుకే పొరుగూరికి సైతం పద్యంలోని మాట వినబడేది. డోలు దెబ్బ మాత్రం చేరేది కాదు. మైకుసెట్టు కాలం మాట వినబడిన కాలం.

మైకుసెట్టు నడిపిన వ్యక్తి ఒక క్రమాన్ని పాటించేవాడు. తెల్లవారుజామున భక్తిగీతం, పెళ్ళివారు దిగేవేళకు మంగళగీతం, భోజనాల వేళ సినిమా పాటలు, రాత్రికి నాటక పద్యాలు. టూరింగ్ టాకీసుల దగ్గర ఘంటసాల ‘నమో వేంకటేశా’ రికార్డు వినబడిందంటే ఆట మొదలవబోతోందని ఊరికి తెలిసేది. పాటను గడియారంగానూ పిలుపుగానూ వాడిన ఈ పద్ధతి ఒక కూర్పు కళ. అయినా వాడుకలో ‘మైకు పెట్టారు’ అన్నదే మిగిలింది. మనిషిని సూచించవలసివస్తే ‘మైకుసెట్టువాళ్ళు’ అంటారు. అక్కడ కూడా మనిషిని వస్తువు ద్వారానే గుర్తించడం గమనించవచ్చు.

ఈ దశకు చెందిన మరొక మాట ‘రికార్డింగ్ డాన్సు’. జాతరలలో రికార్డు పాటకు వేదిక మీద చేసే నృత్యమిది. పళ్ళెం పోయి క్యాసెట్టు, క్యాసెట్టు పోయి పెన్‌డ్రైవు వచ్చినా మాట మారలేదు. వస్తువు అంతరించిన తరవాత కూడా దాని పేరు ప్రదర్శనను అంటిపెట్టుకుని ఉంది. పాడిన మనిషి రికార్డులో, ఆడిన మనిషి ‘రికార్డింగ్ డాన్సు’లో, పెట్టిన మనిషి ‘మైకుసెట్టు’లో కలిసిపోయారు.

5. డీజే: మాట వచ్చిన దారి

‘డిస్క్ జాకీ’ అమెరికా రేడియోలో రికార్డులు వేస్తూ నడుమ మాట్లాడే వ్యక్తికి పుట్టిన పేరు. ఆ తరవాత నృత్యశాలలకు మారింది. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ నడిపిన వేడుకను హిప్‌హాప్ చరిత్రకారులు ఒక ఆరంభంగా చెప్పుకుంటారు. పాటలో గానం ఆగి వాద్యాల దరువు మాత్రమే మిగిలే భాగాన్ని, రెండు పళ్ళేల సాయంతో పొడిగించడం అతడి పద్ధతి.

దీనికి తగిన పరికరం జపాన్‌లోని మత్సుషిత సంస్థ 1972లో తెచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200. పళ్ళేన్ని రబ్బరు పట్టీతో కాకుండా నేరుగా మోటారే తిప్పడం దాని ప్రత్యేకత. చేత్తో ఆపి వదిలినా పళ్ళెం వెంటనే వేగం అందుకుంటుంది. 1979లో వచ్చిన రెండో రూపంలో వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికో తగ్గించడానికో ఒక జారుమీట అమర్చారు. నిమిషానికి 120 దరువుల పాట వెంట 126 దరువుల పాట రావాలంటే మొదటిదాన్ని 5 శాతం పెంచితే రెండూ ఒకే నడకలోకి వస్తాయి. రెండో పాటను ముందుగా హెడ్‌ఫోనులో విని, దరువు దరువుకు జతపరిచి, మిక్సరు మీట మీద మెల్లగా లోపలికి తేవడం డీజే ప్రాథమిక విద్య. మృదంగం వాయించేవారు కాలప్రమాణం చెడకుండా నడక మార్చడంతో దీనికి పోలిక ఉంది. తేడా ఒక్కటే. పళ్ళెం మీద నడక మారితే శ్రుతి కూడా మారుతుంది. డిజిటల్ పరికరాలు ఆ రెండింటినీ విడదీశాయి. 2001లో పయొనీర్ తెచ్చిన సీడీజే-1000 మీద పళ్ళెం లేకున్నా పళ్ళేన్ని తలపించే చక్రం ఉంది. వేలు అలవాటుపడిన వస్తువు పోయినా వేలి అలవాటు పోలేదు.

తెలుగు శ్రోతకు రేడియో ద్వారా ‘డీజే’ అనే మాట చేరలేదు. ఆకాశవాణిలో ఆ పని చేసినవారు ‘అనౌన్సర్లు’. ప్రైవేటు ఎఫ్ఎం వచ్చాక ‘రేడియో జాకీ’ నుంచి ‘ఆర్జే’ వచ్చింది. ఈ రెండు మాటల పోలిక ఈ చర్చకు కీలకం. ‘ఆర్జే’, ‘డీజే’ రెండూ ఒకే అచ్చులో పోసిన సంక్షిప్తాలు. తెలుగులో ‘ఆర్జే’ మనిషిగానే మిగిలింది. ‘ఆర్జే చెప్పింది’, ‘ఆర్జేగా చేరాడు’ అంటారు. ‘ఆర్జే పెట్టారు’ అనరు. ‘డీజే’కు సహప్రయోగమయ్యే క్రియలు వేరు: ‘డీజే పెట్టారు’, ‘డీజే తెప్పించారు’, ‘డీజే మోగుతోంది’, ‘డీజే బంద్ చేశారు’. ఇవన్నీ ‘మైకు పెట్టారు’, ‘బ్యాండు తెప్పించారు’ అనే వాక్యాల వరసలోనివి. మైకుసెట్టు స్థానంలోకి డీజే వచ్చి చేరిందనడానికి ఈ క్రియలే ఆధారం.

అలంకారశాస్త్రంలో లక్షణకు ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. బల్లేలు లోపలికి వస్తున్నాయంటే బల్లేలు పట్టినవారు వస్తున్నారని అర్థం. అక్కడ ఆయుధం పేరు మనిషికి చేరింది. ‘డీజే’లో ప్రయాణం ఎదురుదిశలో సాగింది. మనిషి పేరు ఆయుధానికి చేరింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఆర్జే గొంతు శ్రోతకు వినబడుతుంది. వీధిలో డీజే నడిపే వ్యక్తి గొంతు సాధారణంగా వినబడదు, పెట్టెల గోడ వెనుక ముఖమూ కనబడదు. గొంతు వినిపించినవారికి పేరు మిగిలింది. వేలు మాత్రమే కదిపినవారి పేరు యంత్రానికి పోయింది.

దీనికి అపవాదాలు లేకపోలేదు. పబ్బులలో, హోటళ్ళలో పనిచేసేవారు తమ పేరుకు ముందు ‘డీజే’ను బిరుదులా వాడుకుంటారు. 2022లో విడుదలైన ‘డీజే టిల్లు’ చిత్రం పేరులోనూ అది వ్యక్తి బిరుదే. 2017 నాటి ‘డీజే: దువ్వాడ జగన్నాథమ్’ ఆ రెండక్షరాలతో శ్లేష చేసింది. అంటే ఒకే నగరంలో రెండు అర్థాలు పక్కపక్కనే ఉన్నాయి. గోడల మధ్య, టిక్కెట్టు కొన్న శ్రోత ముందు అది మనిషి. వీధిలో, బండి మీద, ఊరేగింపు ముందు అది యంత్రం. ఈ విభజన భాషది మాత్రమే కాదు, వర్గానిది కూడా.

6. లష్కర్ వీధుల్లో మూడు దశలు

సికందర్ జా పేరుమీద 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ సైనిక స్థావరంగా పెరిగింది. ప్రజల నోట దాని పేరు ‘లష్కర్’. కంటోన్మెంటు బ్యాండు మేళాలు, లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల రైల్వే కుటుంబాలలోని ఆంగ్లో ఇండియన్ల నృత్య వేడుకలు, జేమ్స్ స్ట్రీట్ అంగళ్ళు పాశ్చాత్య సంగీతానికి ఇక్కడ ఒక అలవాటును కల్పించాయి. మరోవైపు డప్పు, హైదరాబాద్‌లో సిద్దీలు నిలబెట్టిన మర్ఫా, దాని నుంచి వ్యాపించిన తీన్‌మార్ దరువు ఊరేగింపులకు ప్రాణం పోశాయి. జంటనగరాల డీజే ఈ రెండు దారులు కలిసిన చోట నిలబడింది. అతడి ల్యాప్‌టాప్‌లో విదేశీ నృత్య సంగీతపు మంద్రమూ, తీన్‌మార్ నడకా ఒకే ఫైలులో కలుస్తాయి.

పరికరాల అంగడి కూడా జంటనగరాలలో పంచుకుని ఉంది. ఆంప్లిఫయర్లకూ, స్పీకర్లకూ కోఠిలోని గుజరాతీ గల్లీ పేరుపొందింది. కంప్యూటర్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చిరునామా. పళ్ళెం నుంచి ఫైలుకు మారిన వృత్తికి ఈ రెండు వీధులూ అవసరమే.

ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలు ఈ మార్పును ఒకేచోట చూపుతాయి. ఉజ్జయిని మహంకాళి ఆలయానికి వచ్చే ఫలహారపు బండ్ల ఊరేగింపులో పోతరాజు ఆటకు డప్పూ ఉంటుంది, డీసీఎం వ్యాను మీద కట్టిన పెట్టెలూ ఉంటాయి. డప్పు కొట్టేవాడికి ‘డప్పు కళాకారుడు’ అన్న గౌరవవాచకం ఇప్పుడు స్థిరపడింది. పెట్టెలు నడిపేవాడికి ‘ఆపరేటరు’ అన్న మాటే ఉంది. డప్పు దరువును నమోదు చేసి పెట్టెలో మోగించినప్పుడు డప్పు కళాకారుడి కూలికి గండి పడుతుందన్నది నిజమైన ఆందోళన. ఆ నష్టాన్ని గుర్తించడానికి కూడా, అక్కడ పనిచేస్తున్నది యంత్రం మాత్రమే కాదని, దాని వెనుక మరొక కూలీ ఉన్నాడని ముందుగా ఒప్పుకోవాలి.

7. మోత, చట్టం, మాట

బాకాకూ డీజే పెట్టెకూ ఉన్న భౌతికమైన తేడా వివాదాలకు మూలం. బాకా వదిలేసిన మంద్రస్థాయినే డీజే పెట్టె ప్రధానంగా పలుకుతుంది. పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు సెకనుకు వంద కంపనాలకు లోపు ధ్వనులను వెలువరిస్తాయి. ఈ ధ్వని గోడలకు అంత తేలికగా ఆగదు, చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. వాణిజ్య ప్రాంతాలలో అవి 65, 55. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఉంది. డెసిబెల్ కొలత గుణకార పద్ధతిలో పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పదింతలవుతుంది. పైగా నియమాలు వాడే కొలత మానవశ్రవణానికి అనుగుణంగా మంద్రధ్వనిని తగ్గించి లెక్కిస్తుంది. సెకనుకు 63 కంపనాల వద్ద ఆ తగ్గింపు సుమారు 26 డెసిబెల్స్. అందువల్ల మీటరు చూపిన అంకె కంటే పక్కింటివారి బాధ ఎక్కువగా ఉండటం అసహజం కాదు. వృద్ధులు, రోగులు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళ ఫిర్యాదులను ఈ వెలుగులో చూడాలి.

2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. ఇక్కడ ‘డీజే’ అంటే ధ్వని పరికరాల సముదాయమని ఎవరూ వివరించనవసరం లేకపోయింది. వీధి అర్థమే అధికార వ్యవహారంలోనూ నిలిచింది. ఇందుకు భిన్నంగా, కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను మతపరమైన కార్యక్రమాలలోనూ, పెళ్ళి ఊరేగింపు తదితర వివాహ వేడుకలలోనూ రికార్డు వినిపించడాన్ని హక్కుల ఉల్లంఘనగా పరిగణించదు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ విషయాన్ని మరోసారి స్పష్టం చేసింది. ఒక చట్టానికి ఆ పాట అభ్యంతరం లేని వినియోగం, మరొక నియమానికి అది మోత. రెండింటిలోనూ పాటను ఎంచి కూర్చడం ఒక పనిగా, ఒక నేర్పుగా లెక్కకు రాలేదు. మోతను అదుపు చేయవలసిందే. ఆ అదుపు పెట్టె మీద ఉండాలా, పాట కూర్చే వృత్తి మీద ఉండాలా అన్న ప్రశ్నను మాత్రం భాషే అడగనివ్వడం లేదు. రెంటికీ ఒకే పేరు కావడం దీనికి కారణం.

8. పరిశోధన అవసరాలు

తెలుగు రికార్డులపై ఆసక్తి ఎక్కువగా వ్యక్తిగత సేకర్తల వద్ద నిలిచి ఉంది. లక్క రికార్డు కింద పడితే పగులుతుంది, వినైల్ ఎండకు వంగుతుంది. ప్రతి వినికిడీ గాడిని కొంత అరగదీస్తుంది. భారత చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. సాహిత్యంపై హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్ళు. అంటే పాత రికార్డు ధ్వనిపై హక్కు తీరినా, అందులోని పాట రచనపై హక్కు మిగిలి ఉండవచ్చు. డిజిటల్ రూపానికి మార్చేటప్పుడు విశ్వవిద్యాలయాలు ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి. మార్చిన ఫైలుతోపాటు వాడిన ముల్లు మందం, పళ్ళెం వేగం, చీటీ మీది వివరాలు నమోదు చేయాలి. ఆ వివరాలు లేని ఫైలు పాఠాంతరాలు చూపని ముద్రణ వంటిది.

పళ్ళేలకంటే త్వరగా చేజారేది వాటిని తిప్పినవారి జ్ఞాపకం. పళ్ళేలతో పని నేర్చుకున్న మైకుసెట్టు తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ఏ వేళకు ఏ పాట, ఏ కులవీధిలో ఏ పద్యం, ఏ పాట పెడితే గొడవ జరిగేది వంటి వివరాలు ఏ చీటీ మీదా లేవు. తెలుగు శాఖలలో జానపద వృత్తికళాకారుల మీద జరిగిన క్షేత్రపరిశోధన పద్ధతినే వీరికీ వర్తింపజేయవచ్చు.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. తెలుగులో ‘రికార్డు’, ‘మైకుసెట్టు’, ‘డీజే’ అనే మాటలు పాటను వినిపించే వృత్తిలోని మూడు దశలను సూచిస్తాయి. మూడింటిలోనూ వస్తువు పేరు మనిషిని కప్పివేసింది.

2. ‘డీజే’ మనిషి నుంచి యంత్రానికి మారిన లక్ష్యార్థం. ఒకే అచ్చులోని ‘ఆర్జే’ మనిషిగా మిగలడం, ‘డీజే’ క్రియలు ‘మైకు’ క్రియలతో సరిపోవడం దీనికి ఆధారాలు.

3. ఈ అర్థభేదం పబ్బుకూ వీధికీ మధ్య ఉన్న సామాజిక అంతరంతో ముడిపడి ఉంది. సికింద్రాబాద్‌లో ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

4. బాకా మాటను దూరానికి చేర్చింది, డీజే పెట్టె దరువును దగ్గరవారి శరీరానికి చేర్చింది. మైకుసెట్టు కాలపు పద్యం, డీజే కాలపు తీన్‌మార్ మిశ్రమం ఆయా యంత్రాల స్వభావానికి తగినట్టు రూపొందాయి.

5. ముల్లు, వేగం, పెట్టె వంటి పరికర వివరాలు ధ్వనిపాఠాన్ని నిర్ణయిస్తాయి కాబట్టి అవి సాహిత్య పరిశోధనలో భాగం కావాలి.

నిఘంటుకర్తలు ‘డీజే’కు యంత్రమనే అర్థాన్ని చేర్చడం వాడుకను గౌరవించడమే. దాని పక్కన మొదటి అర్థాన్ని, అంటే పాటను ఎంచి కూర్చే మనిషిని, విడువకుండా నమోదు చేయాలి. ఆ మనిషికి తెలుగులో ఇంకా తగిన పేరు లేదు. పేరు ఏర్పడేలోగా అతడు చెప్పగలిగిన చరిత్రను నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.